ముందు టైరు వెంట్రుకలు

సైకిలు తొక్కడం రాకుండానే సైకిలు క్లాసులో ఫస్టు వచ్చినవాణ్ణి, నాకు తెలిసి, ఈ సింగపూర్‌లో నేనొక్కణ్ణే. గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పే అయితే మా ఆవిడ నాకంటే ముందే నలుగురికీ చెప్పి ఉండేది.

నాకు సైకిలు రాకపోవడం వెనక పెద్ద కథేమీ లేదు. బాపట్లలో మా ఇంట్లో ఉన్నది ఒకటే సైకిలు, అది మా అన్నయ్యది. పదేళ్ళప్పుడు వాడు ఇంట్లో లేని సమయం చూసి దాన్ని బయటికి తీశాను. బారు కింద నుంచి కాలు దూర్చి నాలుగు తొక్కులు తొక్కి, వీధి చివర పేడకుప్పలో పడ్డాను. సరిగ్గా అప్పుడే ట్యూషన్ వదిలారు. మా క్లాసు పిల్లలందరూ వరసగా నిలబడి చూశారు. దెబ్బయితే తగల్లేదు గానీ నెల రోజుల పాటు నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, వాళ్ళు పెట్టిన పేరుతోనే పిలిచారు. "నాకసలు సైకిలంటే ఇంట్రస్టు లేదు" అని ఆ వారంలోనే ప్రకటించేశాను. ఆడలేక మద్దెల ఓడన్నాడనే సామెత మా అమ్మ నన్ను చూసే నేర్చుకుందేమో.

ఆ తర్వాత ఇంటరూ, ఇంజనీరింగూ స్నేహితుల క్యారియర్ల మీద కూర్చునే పూర్తి చేశాను. సైకిలు రానివాడికి మోటారుసైకిలూ రాదు. హైదరాబాదులో ఉద్యోగమంతా బస్సులూ షేర్ ఆటోలూ. సింగపూర్ వచ్చాక ఇక ఆ దిగులే లేదు. ఇల్లు యూ టీలో, ఆఫీసు చాంగీ బిజినెస్ పార్కులో. ఒకటి దీవికి ఆ చివర, ఇంకొకటి ఈ చివర. పొద్దున రైలెక్కితే ఒక కునుకు, రైలు మారితే ఇంకో కునుకు. నీకు సైకిలు వచ్చా అని అడిగినవాడు లేడు. పద్నాలుగేళ్ళు ఈ దేశం నా గుట్టు కాపాడింది.

గుట్టు బయటపెట్టే మనిషి మాత్రం మా ఇంట్లోనే పుట్టింది.

ఎనిమిదో పుట్టినరోజుకి మా అమ్మాయికి ఊదారంగు సైకిలు కొన్నాం. సాయంత్రాలు మా బ్లాకు వెనక కాలువ పక్కన నాన్నలందరూ పిల్లల సీట్లు పట్టుకుని పరిగెడుతూ ఉంటారు. నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. కాసేపు చూసి పక్క ఫ్లాటు అంకుల్ జాలిపడ్డాడు. తన కొడుక్కి నేర్పిన చేత్తోనే మా అమ్మాయికీ నేర్పేశాడు. ఒక్క సాయంత్రం పట్టింది. లిఫ్టులో పైకి వస్తుంటే అది అడిగింది: "నాన్నా, వై యూ నెవర్ టీచ్ మీ?"

"మోకాలు నొప్పమ్మా" అన్నాను.

నోటికి ముందు వచ్చిన మాట అదే. మా అమ్మాయికి నమ్మకం ఎక్కువ. ఆ పూటే నన్ను సోఫాలో కూర్చోబెట్టి, వాళ్ళమ్మ డబ్బాలోంచి బామ్ తెచ్చి నా మోకాలికి రాసింది. ఏ మోకాలో నేను చెప్పలేదు కాబట్టి రెండింటికీ రాసింది. చిన్న వేళ్ళతో గుండ్రంగా రుద్దుతూ, "పెయిన్ పోయాక మనిద్దరం రిజర్వాయర్ దాకా వెళ్దాం, ఓకేనా?" అంది. మర్నాటికి ఫ్రిజ్ మీద ఒక మ్యాపు వెలిసింది. మా బ్లాకు, కాలువ, ఒక వంతెన, చివర నీలం రంగులో పెద్ద రిజర్వాయరు, దాని పక్కన రెండు సైకిళ్ళు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పాలకోసం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఆ పెద్ద సైకిలు నా వంక చూసేది. నాకు నిజంగా సిగ్గేసింది.

"చెప్పేయండి దానికి" అంది మా ఆవిడ దోశ తిప్పుతూ. నాకు సైకిలు రాదని ఈ దేశంలో తెలిసినది అప్పటికి ఆవిడకొక్కదానికే.

"తండ్రికి సైకిలు రాదంటే పిల్ల దగ్గర మర్యాదేం ఉంటుంది?"

"అబద్ధం చెప్తే ఉంటుందేంటండీ?"

దోశ తిని ఆఫీసుకి పోయాను.

ఆ వారమే మా కమ్యూనిటీ క్లబ్బు నోటీసుబోర్డు మీద ఒక కాగితం చూశాను. సైకిలిస్టులకి వింటర్ ఇండోర్ క్లాసులు, శని ఆదివారాలు ఉదయం తొమ్మిదికి, బిగినర్లు కూడా రావచ్చు. సింగపూర్‌లో వింటరేమిటని నవ్వుకోకండి. నవంబరు నుంచి జనవరి దాకా వాన పట్టుకుంటే వదలదు. ఉష్ణోగ్రత ఇరవై నాలుగుకి దిగితే చాలు, మా ఆఫీసులో ఉన్నితొడుగులు బయటికొస్తాయి. క్లాసు చెప్పే ఆయన ఒక మలయ్ మనిషి, నా వయసువాడే. ఏదో చలిదేశంలో కొన్నేళ్ళు సైకిలు తొక్కి వచ్చాడు. అక్కడ మంచు పడేటప్పుడు గదిలో చేసే శిక్షణని ఇక్కడ వాన పడేటప్పుడు చేయిస్తున్నాడు, పేరు మాత్రం మార్చలేదు.

నాకు కనిపించింది 'ఇండోర్' అన్న మాట ఒక్కటే. నాలుగు గోడల మధ్య, చాపల మీద, మా అమ్మాయి కళ్ళకి దూరంగా, పడుతూ లేస్తూ సైకిలు నేర్పుతారని అర్థం చేసుకున్నాను. అంతకంటే గొప్ప ఏర్పాటు ఇంకేముంటుంది? అక్కడికక్కడే ఫారం తీసుకుని నింపాను. అందులో ఒక గడి ఉంది: సైకిలు తొక్కడంలో అనుభవం, ఎన్నేళ్ళు?

ఇక్కడ మా తరం సంగతి కొంచెం చెప్పాలి. హైదరాబాదులో ఉద్యోగాల కోసం తిరిగిన రోజుల్లో ఇంటర్వ్యూలో ఫలానాది వచ్చా అంటే వచ్చు అనడమే మాకు వచ్చు. ముందు వచ్చనేసి, ఆనక చచ్చీచెడీ నేర్చుకునేవాళ్ళం. సున్నా అని రాసినవాణ్ణి లోపలికి కూడా పిలిచేవాళ్ళు కాదు. అందుచేత అనుభవం అన్న గడి కనబడితే నా చెయ్యి దానంతటదే కదులుతుంది. 'ఆరు' అని రాసి, సంతకం పెట్టి, ఫారం ఇచ్చేసి, లిఫ్టు దగ్గరికి వచ్చాక గానీ ఏం రాశానో నాకే తెలియలేదు.

ఎవరి సైకిలు వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. చువా చు కాంగ్‌లో ఒక దుకాణానికి పోయి నల్లటి సైకిలొకటి ఎంచాను. దుకాణదారు పెద్దాయన ఒక రౌండు తొక్కి చూడమన్నాడు. "అక్కర్లేదు అంకుల్, మీ మీద నాకు నమ్మకముంది" అన్నాను. ఆయన కదిలిపోయి ఒక బెల్లు ఊరికే బిగించాడు. అక్కడి నుంచి యూ టీ దాకా సైకిలుని నడిపించుకుంటూ వచ్చాను. పంక్చరా అని దారిలో ముగ్గురు ఆగి అడిగారు. ఒకాయనైతే పంపు కూడా తీశాడు.

మొదటి శనివారం క్లాసులోకి వెళ్ళేసరికి పది ఇనపస్టాండ్లు వరసగా ఉన్నాయి. కోచ్ నా సైకిలు తీసుకుని, వెనక చక్రాన్ని ఒక స్టాండులో పెట్టి రెండు వైపులా మరలు బిగించాడు. టైరుకి ఒక రోలరు ఆనించాడు. ముందు చక్రం కింద ఒక దిమ్మ పెట్టాడు. "ఎక్కు బ్రో" అన్నాడు. ఎక్కాను. సైకిలు ఈ వైపు ఒరగదు, ఆ వైపు ఒరగదు. ముందుకి పోదు. దాని మీద పడిపోదామన్నా పడలేం. అప్పుడు నాకు విషయం బోధపడింది. ఇది సైకిలు నేర్పే చోటు కాదు, సైకిలు వచ్చినవాళ్ళు వానాకాలంలో కాళ్ళు తుప్పు పట్టకుండా చూసుకునే చోటు. గానుగెద్దు కనీసం గానుగ చుట్టూ తిరుగుతుంది, మేం అదీ తిరగం.

లేచి ఇంటికి పోవలసింది. కానీ పక్కన తొమ్మిది మంది అప్పటికే తొక్కడం మొదలుపెట్టారు, ఫారంలో ఆరేళ్ళ అనుభవం ఉంది, సరే కానిమ్మని నేనూ తొక్కాను. ఎదురుగా గోడ మీద పెద్ద తెర. అందులో మంచుకొండలు, వంపులు తిరిగే రోడ్డు. గదిలో నాలుగు ఫ్యాన్లు, బయట వాన, కింద చాప మీద మా చెమట చెరువు కట్టింది. "కొండ వస్తోంది" అని కోచ్ అరిచి రోలరు బిగువు పెంచాడు. ఒక్కొక్కళ్ళే మూలగడం మొదలుపెట్టారు. నాకేమీ అనిపించలేదు. సైకిలు రాని మనిషి జీవితమంతా నడుస్తాడు. బాపట్లలో నడిచాను, హైదరాబాదులో బస్సు తప్పినప్పుడల్లా నడిచాను, ఇక్కడ పన్నెండో అంతస్తుకి మెట్లెక్కుతాను. ముప్ఫై అయిదేళ్ళ నడకంతా నా తొడల్లో కూర్చుని ఉంది. తెర మీద ఎవరు ఎంత బలంగా తొక్కుతున్నారో వరసగా అంకెలు వస్తాయి. మొదటి రోజు నాలుగో స్థానం. మూడో వారానికి మొదటి స్థానం. డిసెంబరు వచ్చేసరికి నాకూ రెండోవాడికీ మధ్య చాలా దూరం.

పొగడ్త చెడ్డది. కోచ్ నా వీపు తట్టి, "సిక్స్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్, చూడండి" అని అందరికీ చూపించేవాడు. నాకు లోపల గుచ్చుకునేది, బయట ఛాతీ ఉబ్బేది. ఒక ఆదివారం మా అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి చూడ్డానికి వచ్చింది. తెర మీద నా పేరు పైన చూసి ఎగిరి గంతేసింది. "నాన్నా, నంబర్ వన్! సో స్ట్రాంగ్ లా!" అంది. అంతలో ఏదో గుర్తొచ్చి దగ్గరికొచ్చి, "మోకాలు ఓకేనా?" అని చెవిలో అడిగింది.

"తగ్గిపోయింది."

"నా బామ్ వల్లే" అంది చాలా గర్వంగా.

వెనక నిలబడ్డ మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి నేను నీళ్ళు తాగుతున్నట్టు నటించాను.

ఇంటికీ క్లబ్బుకీ మధ్య సైకిలుని ఎలా తీసుకెళ్ళేవాడివి, ఎవరూ కనిపెట్టలేదా అని మీరడగొచ్చు. అక్కడ ఈ దేశం నన్ను మళ్ళీ ఆదుకుంది. మా బ్లాకుల కింద గోడల్లేని ఖాళీ అంతస్తు ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. అక్కడ సైకిలు తొక్కకూడదు. 'దిగి నడిపించండి' అని బొమ్మతో సహా బోర్డు ఉంటుంది. ఆ బోర్డుని పట్టించుకునేవాళ్ళు తక్కువ. నేను మాత్రం శని ఆదివారాలు రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని భక్తిగా నడిపించుకుంటూ పోయేవాణ్ణి. అక్కడ చదరంగం ఆడే ముసలి చైనీస్ అంకుళ్ళు తలలెత్తి "గుడ్, గుడ్" అనేవాళ్ళు. ఒకాయన తన మనవడికి నన్ను చూపించి ఏదో బుద్ధి కూడా చెప్పాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నా కాలం అలా గడిచిపోయింది.

నన్ను పట్టుకున్నది మా క్లాసులోని చైనీస్ ఆంటీ. డెబ్భై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, నూడిల్స్ దుకాణం నడిపిందట. అందరూ సన్నటి ఖరీదైన సైకిళ్ళు తెస్తే ఆవిడ ముందు బుట్ట ఉన్న కూరగాయల సైకిలు తెచ్చేది. బుట్టలో గొడుగు, పానా, తడిగుడ్డ, తినడానికి ఎప్పుడూ ఏదో ఒకటి. మాటలు తక్కువ. అయ్యో అన్న మాట మాత్రం మా ఇద్దరికీ ఉమ్మడి. ఆవిడా అనేది, నేనూ అనేవాణ్ణి.

జనవరి చివర ఒక ఉదయం క్లాసయ్యాక నా సైకిలు పక్కన చతికిలబడి తన సైకిలు తుడుచుకుంటోంది. తుడుస్తూ తుడుస్తూ ఆగింది. నా వెనక టైరు మీద బొటనవేలు పెట్టి రాసింది. తర్వాత ముందు టైరు మీద రాసింది. కొత్త టైరుకి సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి. రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగితే అవి రాలిపోతాయి. నా వెనక టైరు రోలరు మీద అరిగి అరిగి నున్నగా మెరుస్తోంది. ముందు టైరుకి ఒక్క వెంట్రుకా రాలలేదు.

"బ్యాక్ టైర్ బోతక్. ఫ్రంట్ టైర్ గాట్ హెయిర్. వై ఆ?" అంది.

బోతక్ అంటే ఇక్కడి మాటలో బట్టతల. ఆ మాట నాకు బాగా తెలుసు, మా అమ్మాయి నన్ను అలాగే పిలుస్తుంది.

"మొన్ననే ముందు టైరు మార్పించాను ఆంటీ."

ఆవిడ నా మొహం వంక చూసింది, టైరు వంక చూసింది. మూడు నెలలుగా నేను సైకిలెక్కేటప్పుడు కోచ్ మరలు బిగించేదాకా ఎదురుచూడటం, బిగించాక రెండుసార్లు ఊపి చూసుకోవడం, అన్నీ గమనించినట్టుంది. గుడ్డ బుట్టలో వేసి, గొంతు తగ్గించి చెప్పింది. పొద్దున్నే ఏడింటికి రమ్మంది. కార్‌పార్కు పై అంతస్తు ఖాళీగా ఉంటుంది, ఎవరూ చూడరు, తను నేర్పుతుందట.

చక్కగా సరే అనవలసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, "నాకు వచ్చు ఆంటీ, మీరు పొరబడ్డారు" అన్నాను. డెబ్భై ఏళ్ళ మనిషి దగ్గర, కూరగాయల బుట్ట సైకిలు ఆవిడ దగ్గర, నంబర్ వన్ వెళ్ళి సైకిలు నేర్చుకోవడమా? పొగరు. వేరే పేరు లేదు దానికి.

"ఓకే లా" అని ఆవిడ తన గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి వారమే కోచ్ ప్రకటించాడు. వానలు తగ్గుముఖం పట్టాయి, వచ్చే ఆదివారం అందరం బయట తొక్కుదాం, రిజర్వాయర్ దాకా. ఇంట్లోవాళ్ళూ రావచ్చు, పిల్లలతో పాటు తను వెనక వస్తాడు. ముందు నడిపించేది, అని నా వైపు చెయ్యి చూపించాడు, మన సిక్స్ ఇయర్స్ బ్రో. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చేసరికే కబురు తెలిసి మా అమ్మాయి ఫ్రిజ్ మీద మ్యాపులో తేదీ రాసేసింది. క్లాసులో స్నేహితురాళ్ళకి చెప్పేసిందట, మా నాన్న లీడర్ అని.

ఆ వారం రోజులూ వాన కోసం మొక్కినంతగా మా జిల్లా రైతులు కూడా మొక్కి ఉండరు. శుక్రవారం కాస్త మబ్బు పట్టింది, విరిసిపోయింది. ఆదివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. "ఇప్పటికైనా చెప్పండి" అంది మా ఆవిడ గుమ్మం దగ్గర, హెల్మెట్ అందిస్తూ. చెప్తానన్నాను. లిఫ్టులో నోరు తెరిచాను. "నాన్నా, యూ గో ఫస్ట్, నేను నీ వెనకే వస్తా" అంది మా అమ్మాయి. నోరు మూసుకున్నాను.

క్లబ్బు వెనక కాలువ గట్టు మీద అందరూ చేరారు. నా సైకిలుని అక్కడిదాకా యథాప్రకారం నడిపించుకొచ్చాను. కోచ్ నన్ను వరసలో అందరికంటే ముందు నిలబెట్టాడు. వెనక తొమ్మిది సైకిళ్ళు, వాటి వెనక పిల్లలు. ఇక దారి లేదు. వెనక్కి తిరిగి అందరికీ వినపడేట్టు, "నాకు సైకిలు రాదు" అన్నాను.

అందరూ పకపకా నవ్వారు.

"నిజంగా రాదు. ఇంతవరకు ఎప్పుడూ తొక్కలేదు."

ఇంకా నవ్వారు. "డోంట్ బి సో హంబుల్ లా బ్రో" అన్నాడు కోచ్. మూడు నెలలు ఆడిన అబద్ధాన్ని అందరూ నమ్మారు, ఒక్క నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. నవ్వనిది ఇద్దరే, ఆంటీ, మా ఆవిడ. ఎవరో వెనక నుంచి "గో, గో" అన్నారు. ఏమో, ఇన్నాళ్ళు తొక్కాను కదా, ఒకవేళ వచ్చేస్తుందేమో అని నాకూ ఒక పిచ్చి ఆశ పుట్టింది. కాలెత్తి ఎక్కి, అలవాటైన బలమంతా పెట్టి తొక్కాను.

సైకిలు బాణంలా దూసుకుపోయింది. అలా దూసుకుపోయి పది గజాల అవతల కాగితంపూల పొదలో దిగబడింది. కాగితంపూలకి ముళ్ళుంటాయని చాలామందికి తెలియదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట గెలిచిన సంగతి రచ్చకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఎవరూ నవ్వలేదు ఈసారి. కోచ్ పరిగెత్తుకొచ్చి నన్ను లేపాడు. "యూ... కెనాట్ రైడ్?" అన్నాడు. పాపం, ఆయన మొహంలో కోపం కూడా లేదు, అర్థం కాకపోవడమే ఉంది. "చెప్పాను కదా" అన్నాను ముళ్ళు తీసుకుంటూ.

మా అమ్మాయి తన సైకిలు మీద నుంచి దిగి నా ముందుకొచ్చి నిలబడింది. మోచేతి మీద గీరుకుపోయినది చూసింది. ఆ తర్వాత నా మోకాళ్ళ వైపు చూసింది.

"అయితే నీకు మోకాలు నొప్పి లేదా?"

"లేదమ్మా."

"ముందు కూడా లేదా? నేను బామ్ రాసినప్పుడు?"

"అప్పుడు కూడా లేదు. నీకు అబద్ధం చెప్పాను. నాకు సైకిలు రాదని చెప్పడానికి సిగ్గేసింది."

పేడకుప్పలో పడ్డ రోజు కంటే అదే ఎక్కువ బాధ. అది ఏడవలేదు, అరవలేదు. హెల్మెట్ పట్టీ బిగించుకుంది. "కోచ్ అంకుల్, లెట్స్ గో" అంది. కోచ్ నా వైపు చూశాడు. తీసుకెళ్ళమని తలూపాను. ఊదారంగు సైకిలు వరసలో కలిసి, వంతెన దాటి, మలుపు తిరిగి కనపడకుండా పోయింది. అది ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

"దెబ్బ గట్టిగా తగిలిందా?" అంది మా ఆవిడ.

"తగిలింది."

"మంచిదే లెండి" అని టిష్యూ ఇచ్చి, కాఫీ తెస్తానని క్లబ్బు వైపు వెళ్ళింది.

వెళ్ళకుండా మిగిలిన సైకిలు ఇంకొకటుంది. దాని ముందు బుట్ట ఉంది. ఆంటీ స్టాండు వేసి, బుట్టలోంచి పానా తీసి, నా సైకిలు పక్కన కూర్చుంది. "ఆంటీ, ఆ రోజు మీతో..." అని మొదలుపెట్టాను. చేత్తోనే ఆపింది. పానా తిప్పి నా సైకిలు పెడళ్ళు రెండూ ఊడదీసి బుట్టలో పడేసింది. నాకు ప్రపంచంలో వచ్చిన ఒకే ఒక్క సైకిలు విద్య ఆ పెడళ్ళు తొక్కడం. దాన్నే పీకేసింది.

"యువర్ లెగ్ టూ స్ట్రాంగ్. నో బ్రెయిన్" అంది. సీటు బాగా కిందికి దించి, రెండు పాదాలూ నేలకి ఆనేట్టు కూర్చోమంది. కాళ్ళతో నేలని తన్నుకుంటూ పొమ్మంది.

నలభై అయిదేళ్ళ మనిషిని, బ్యాంకుల సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి, పెడళ్ళు లేని సైకిలు మీద బాతులా తడబడుతూ కాలువ గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. మూడు చక్రాల బండి తోలుతున్న ఒక బుడతడు నన్ను దాటిపోయాడు. జాగింగుకి వచ్చినవాళ్ళు చూశారు. మొదటి పావుగంట చచ్చిపోదామనిపించింది. తర్వాత ఒక విచిత్రం జరిగింది. ఎవరు చూస్తున్నారో చూడటం మానేశాను. దాయడానికి ఇంకేమీ మిగల్లేదు కదా. ఒక తన్ను తన్ని కాళ్ళు పైకెత్తితే సైకిలు రెండు గజాలు పోయింది. ఇంకోసారి నాలుగు గజాలు. కొంచెం పల్లంలో అయితే వంతెన స్తంభం దాకా పోయింది. హ్యాండిల్ కింద ముందు చక్రం అటూ ఇటూ కదులుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మూడు నెలలు అది దిమ్మ మీద ఒక బొమ్మలా కూర్చుంది. సైకిలుకి ప్రాణం అంతా అక్కడే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

గంటన్నర గడిచాక ఆంటీ పెడళ్ళు మళ్ళీ బిగించింది. "స్లో. స్లో ఆ" అని వేలు చూపించి బెదిరించింది. మెల్లగా తొక్కాను. వంకరటింకరగా, పాము పోయినట్టు, కానీ పోయాను. మా ఆవిడ చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. "ఏవండోయ్!" అని ఒక్క కేక పెట్టింది. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి.

వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి నేను కాలువ గట్టు అవతలి చివర నుంచి తొక్కుకుంటూ వస్తున్నాను. ఎదురుగా ఊదారంగు సైకిలు. దాన్ని చూడగానే నా చూపు చక్రం మీదికి జారింది, సైకిలు పొద వైపు ఒరిగింది.

"నాన్నా! టైర్ చూడకు! దూరం చూడు, దూరం!"

పక్క ఫ్లాటు అంకుల్ దానికి నేర్పిన పాఠం అది. తలెత్తి దూరం చూశాను. సైకిలు సర్దుకుంది. అది నా పక్కన ఆగి కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. కోచ్ కూడా ఆగాడు. "బ్రో, నీ ఫారంలో ఏం రాయమంటావు?" అన్నాడు.

"రెండు గంటలు" అన్నాను.

"వన్ అండ్ హాఫ్" అని సరిదిద్దింది ఆంటీ బుట్ట సర్దుకుంటూ.

ఇంటికి వెళ్ళేటప్పుడు మా అమ్మాయి ముందు, నేను వెనక. మలుపు వచ్చినప్పుడల్లా అది చెయ్యి చాపి నాకు దారి చూపించింది. మా బ్లాకు దగ్గరికి రాగానే టక్కున దిగింది. నాకు దిగడం ఇంకా ఎవరూ నేర్పలేదు. బ్రేకు పట్టుకుని, కుడికాలి మీద నాలుగు గెంతులు గెంతి, మోకాలు కలుక్కుమంటే స్తంభాన్ని పట్టుకుని ఆగాను. తలెత్తితే ఎదురుగా ఆ బోర్డు. దిగి నడిపించండి. మూడు నెలలుగా దాని ముందు నుంచి భక్తిగా నడిచాను గానీ, దిగినవాణ్ణయితే ఆ రోజే అయ్యాను. చదరంగం అంకుల్ ఎప్పట్లాగే "గుడ్, గుడ్" అన్నాడు. ఈసారి ఆయనకి దణ్ణం పెట్టాను. ఆయనకేం అర్థమైందో, ఆయనా పెట్టాడు.

పైకి వచ్చి వరండాలో సైకిళ్ళు గోడకి ఆనించాం. మా ఆవిడ తాళం తీస్తోంది. మా అమ్మాయి లోపలికి పోకుండా నా సైకిలు ముందు కూర్చుని, ముందు టైరు మీద వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ రాసింది. ఆంటీ దానికి ఎప్పుడు చెప్పిందో నాకు తెలియదు.

"ఇంకా హెయిర్ ఉంది నాన్నా" అంది.

"కొన్ని రాలాయి కదమ్మా."

"కొన్నే." లేచి లోపలికి పోయింది. ఫ్రిజ్ మీద మ్యాపులో ఆ రోజు తేదీ కొట్టేసి, కింద వచ్చే ఆదివారం తేదీ వేసింది. తర్వాత సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. బామ్ డబ్బా పట్టుకొచ్చి నన్ను సోఫా మీద కూర్చోమంది.

"ఏ మోకాలు?" అని అడిగింది. "నిజం చెప్పు."

"కుడిది" అన్నాను.

కుడి మోకాలికే రాసింది.